పుంగనూరు ఇంటి వేలంపాట

రిటైరైన మొదటి ఏడాది నేను పేపర్లో ముందుగా చదివింది వేలం ప్రకటనలే. లోపలి పేజీల్లో చీమల బారులాంటి చిన్న అక్షరాలతో బ్యాంకులు వేయించే ఆ ప్రకటనలను కళ్ళద్దాలు పెట్టుకుని వేలుతో వెతికేదాన్ని. మదనపల్లెలో రెండు పడగ్గదుల ఫ్లాటు, రామసముద్రం దగ్గర ఎకరన్నర మెట్ట, కుప్పంలో రైల్వే గేటు అవతల ఇంటిస్థలం. అన్నీ అప్పు తీర్చలేనివాళ్ళ ఆస్తులు. బయటి ధర కంటే చవగ్గా వస్తాయని ఎవరో చెప్పారు. ముప్పయ్యేళ్ళకు పైగా మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి, క్వార్టర్సు ఖాళీ చేసి, రెండు గదుల అద్దె ఇంట్లోకి వచ్చినదాన్ని. పెళ్ళీ పిల్లలూ లేరు. చేతికొచ్చిన పిఎఫ్ డబ్బుతో నాలుగు సొంత గోడలు కొనుక్కుని, వాటికి నా ఇష్టం వచ్చినచోట మేకు కొట్టుకోవాలని ఆశ. అద్దె ఇంటి ఓనరమ్మ క్యాలెండరు తగిలించడానికి కూడా ఒప్పుకోదు.

వేలానికి ముందు ఇల్లు చూసుకోవడానికి ఒక రోజు ఇస్తారు. అలా ఒక ఫ్లాటు చూడ్డానికి వెళ్తే, ఆ ఇంటి ఇల్లాలే నన్ను గది గదికీ తిప్పి చూపించింది. మంచినీళ్ళిచ్చింది. "పడమటి గదిలో వాన పడితే గోడ సెమ్మగిల్తాదమ్మా, ముందే సెప్తాండా, మళ్ళా మమ్మల్ని అనుకోగూడదు" అంది. అక్కడ నేను సిగ్గుపడి ఉండాల్సింది. దానికి బదులు ఆ చెమ్మ బాగు చేయించడానికి ఎంతవుతుందో లెక్కేసుకుంటూ మెట్లు దిగాను. ఆ ఫ్లాటు ఇంకెవరో ఎక్కువకు పాడుకున్నారు. నాకు మూడు రోజులు ఒళ్ళు మండింది. ఆవిడ ఇల్లు పోయిందని కాదు, నాకు దక్కలేదని. అప్పటి నా బుద్ధి అదీ.

తర్వాతి నెలలో ఒక పొద్దున కాఫీ తాగుతూ అదే పేజీ తిప్పాను. పట్టికలో మూడో వరసలో పుంగనూరు. మిద్దె ఇల్లు, ముందు రెండు గదులు, వెనక పెరడు. తూర్పున ఫలానావారి ఇల్లు, పడమర మునిసిపాలిటీ వీధి, ఉత్తరాన ఖాళీ స్థలం. చదువుతుంటేనే ఆ వీధి కళ్ళ ముందుకొచ్చింది. ఆ తర్వాత అప్పు తీసుకున్నవాళ్ళ పేర్లు చూశాను. మొదటి పేరు మా బావది. దాని కింద హామీదారు, మా అక్క.

బావ టమాటా వ్యాపారం చేసేవాడు. సోమల వైపు తోటల్లో కాయ కొని మదనపల్లె మార్కెట్టుకు తోలేవాడు. ఒక ఏడు కాయ బంగారమై, తర్వాతి రెండేళ్ళు రోడ్డు పక్కన పారబోసే సరుకైంది. ఇల్లు తాకట్టు పెట్టాడని ఆ పేపరు చూసేదాకా నాకు తెలియదు. ముందు వారమే ఫోనులో అక్క నాతో అరగంట మాట్లాడింది. మునక్కాయలు కాశాయని చెప్పింది. వేలం సంగతి మాత్రం చెప్పలేదు.

చెప్పదు. మా ఇంట్లో ఎవరూ ఏదీ చెప్పరు. అది మా అమ్మ పెంపకం. అమ్మ అదే ఆసుపత్రిలో ఆయా. మేముండే ఆసుపత్రి పనివాళ్ళ ఇళ్ళ వరసలో ఎవరి ఇంట్లోనైనా పొయ్యి వెలగలేదని పసిగడితే తుండుగుడ్డలో శేరు బియ్యం మూటగట్టి, వాళ్ళ తలుపు వెనక పెట్టి, వెనక సందులోంచి వచ్చేసేది. ఆ మూట మాదేనని ఒకసారి నేను నోరు జారితే వీపు విమానం మోత మోగించింది. "సెప్పి ఇచ్చేది అప్పు, సెప్పకుండా ఇచ్చేదే సాయం" అనేది. ఆ మాట మా ముగ్గురికీ, అక్కకూ నాకూ తమ్ముడికీ, ఎముకల్లో ఇంకిపోయింది. తమ్ముడి ఐటిఐ ఫీజు రెండేళ్ళు నేను కట్టాను, ఏదో స్కాలర్షిప్పు అని వాడికి చెప్పించాను. నాకు గర్భసంచి ఆపరేషనైనప్పుడు బిల్లులో సగం ఎవరో కట్టేశారు. అది వాడేనని ఎనిమిదేళ్ళ తర్వాత క్యాషు కౌంటరు ఆయన నోట తెలిసింది. నేను వాడిని అడగలేదు, వాడు చెప్పలేదు. మేం ముగ్గురం ఒకరి మీద ఒకరికి ఎంత ప్రేమ ఉన్నా దాన్ని దొంగసొమ్ములా దాచుకునే మనుషులం.

అందుకే ఆ పేపరు మడిచి పరుపు కింద పెట్టాను. అక్కకు ఫోను చేయలేదు. కుప్పంలో గ్రానైటు యార్డులో సూపర్వైజరుగా ఉన్న తమ్ముడికీ చేయలేదు. వాడికి ఇద్దరు ఆడపిల్లల చదువులు, వాడిని ఎందుకు ఇబ్బంది పెట్టాలని అనుకున్నాను. ఆ ఇల్లు నేను పాడుకుంటాను. కాగితాలు నా పేరున వచ్చాక అక్క పేరుకు మార్చి, కవరులో పెట్టి, పోస్టులో పంపేస్తాను. నిజం చెప్పాలంటే, ఆ కవరు విప్పినప్పుడు అక్క మొహం ఎలా ఉంటుందో తలుచుకుని రెండు మూడు సార్లు ఒంటరిగా నవ్వుకున్నాను కూడా. అమ్మ తుండుగుడ్డలో ఆ గర్వం ఉండేది కాదేమో, నా దాంట్లో ఉంది.

ఇప్పటి వేలం సుత్తి కొట్టి పాడేది కాదు, కంప్యూటర్లో. బస్టాండు దగ్గర నెట్ సెంటరు నడిపే సాయిబు ఒకాయన, వాళ్ళమ్మకు నేను ఇంజెక్షన్లు వేసిన పరిచయం, నా ఆధారూ పానూ ఎక్కించి, ధరావతు కట్టించి, అంతా సిద్ధం చేశాడు. ఆయన నన్ను సిస్టరమ్మా అంటాడు, నేను బాయ్ అంటాను. బ్యాంకు పెట్టిన కనీస ధర ఇరవై లక్షలు. నా దగ్గర ఇరవై నాలుగు ఉన్నాయి. గాజులూ గొలుసూ అమ్మితే ఇంకో రెండు. ఇరవై ఆరు దాటేది లేదని బాయ్‌కి ముందే చెప్పి కూర్చున్నాను.

పదకొండింటికి మొదలైంది. పాడేవాళ్ళ పేర్లు కనిపించవు. మన పాట పైన ఉంటే మన గడి పచ్చగా ఉంటుంది, ఇంకొకరు పెంచితే ఎర్రబడుతుంది. ఒక్కో పాటకు యాభై వేలు పెంచాలి. మొదట నలుగురు ఉన్నారు. ఇరవై రెండు దగ్గర ఒకరు, ఇరవై మూడున్నర దగ్గర ఇంకొకరు ఆగిపోయారు. ఆ తర్వాత నేనూ, ఎవడో ఒకడూ మిగిలాం. నేను పెంచితే వాడు పెంచుతున్నాడు. ఒక్కోసారి నిమిషం కూడా ఆగకుండా, నా మీద పగబట్టినట్టు. చివరి నిమిషాల్లో ఎవరు పాడినా గడువు మళ్ళీ ఐదు నిమిషాలు పెరుగుతుంది. మధ్యాహ్నం భోజనాల వేళైంది, అది తెగలేదు.

ఇరవై ఆరు వచ్చింది, దాటింది. బాయ్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"సిస్టరమ్మా, మీరే సెప్పినారు కదా ఆపమని. ఇది గెలిసేదానికి పాడేది కాదు, కొనేదానికి పాడేది. వదిలెయ్యండి."

"వాడెవడో నా అక్క ఇంటి మీద కన్నేసినాడు బాయ్. యాల వదలల్ల? నువ్వు నొక్కు."

"మీ ఇష్టం. అల్లా ఉండాడు."

నాకు నోరెక్కువ, కోపం అంతకంటే ఎక్కువ. ఆ గడి ఎరుపెక్కిన ప్రతిసారీ ఆ కనిపించనివాణ్ణి తిట్టాను. బెంగుళూరు నుంచి వచ్చి మా ఊళ్ళ భూములు కొనేసే రియల్ ఎస్టేటు వాడెవడో అనుకున్నాను. నీ చెయ్యి పడిపోను, నీ ఇంట్లో దీపం లేకుండా పోను అని నోటితోనే అన్నాను. పక్కన జిరాక్సు తీయించుకోవడానికి వచ్చినవాళ్ళు తిరిగి చూశారు. ముప్పై నాలుగు లక్షల దగ్గర నా గడి పచ్చగా ఉండిపోయింది. ఐదు నిమిషాలు గడిచాయి. వాడు రాలేదు. బాయ్ నవ్వలేదు గానీ నేను నవ్వాను. ఆయనకు బిర్యానీ తెప్పించాను.

మర్నాడు నాలుగో వంతు, ఎనిమిదిన్నర లక్షలు, కట్టేశాను. మిగతాది పదిహేను రోజుల్లో కట్టాలి. కట్టకపోతే కట్టింది కూడా తిరిగి రాదు. నాకు ఎనిమిది లక్షలు తక్కువ. అయినా ఆ రోజు ఆ సంగతి పెద్దగా అనిపించలేదు. ఇంతమందికి సేవ చేశాను, ఎనిమిది లక్షలు పుట్టవా అనుకున్నాను.

మూడో రోజు ఊరకే చూసొస్తానని పుంగనూరు వెళ్ళాను. అక్క నిచ్చెన మీద ఉంది. కొంగు నడుముకు దోపి ముందు గోడకు సున్నం వేస్తోంది. బావ కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాడు.

"ఇప్పుడు సున్నం యాలక్కా?" అన్నాను.

అప్పుడు చెప్పింది, సున్నం బ్రష్షు చేతిలోనే పట్టుకుని. "ఇల్లు ఏలంలో పోయిందమ్మా. ఎవురో కొనినారంట. వచ్చేటోళ్ళకు మురికి ఇల్లు అప్పజెప్తే బాగుండదు కదా. మనింట్లో ఇన్నేండ్లు ఎట్లుండారో అనుకుంటారు."

కొన్నది నేనేనే పిచ్చిదానా, దిగు కిందికి, అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. కాగితాలు చేతికి రానీ అని మింగేశాను. సంగటి తిని, మునక్కాయలు మూటగట్టుకుని బస్సెక్కాను. ఆ మాట ఆ రోజు చెప్పి ఉంటే అక్క తమ్ముడికి చెప్పేది. ఇప్పుడు ఎన్నిసార్లు అనుకుని ఏం లాభం.

తర్వాతి వారం రోజులు నేను అడగనివాళ్ళు లేరు. వేరే బ్యాంకు వాళ్ళు, రిటైరైనవాళ్ళకు జీతం స్లిప్పు ఉండదు కదా మేడమ్ అన్నారు. ఆ ఇంటి మీదే అప్పు ఇవ్వమంటే, ఇల్లు ఇంకా మీ పేరున లేదు కదా అన్నారు. ఇంటి కాగితం రావాలంటే డబ్బు కట్టాలి, డబ్బు రావాలంటే ఇంటి కాగితం ఉండాలి. నాతో పనిచేసిన నర్సులు కలిసి ఒక లక్ష ఇచ్చారు. అందులో ఒకమ్మాయి చెవికమ్మలు తీసిచ్చింది, వద్దన్నాను. వేలం వేసిన బ్యాంకులో ఆఫీసరు చాలా మర్యాదస్తుడు. గడువు పొడిగించమని అడిగితే నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించి, కుదరదని చెప్పాడు. అరిచి పోట్లాడదామనుకుని వెళ్ళినదాన్ని, ఆ టీ తాగి బయటికొచ్చాను.

పదకొండో రోజు సాయంత్రం తమ్ముడు ఫోను చేశాడు. వాడు నాకు ఫోను చేసేది క్రిస్మస్‌కీ, అమ్మను తలుచుకునే రోజుకీ.

"సిన్నక్కా, నీకొక సంగతి సెప్పల్ల. పెద్దక్క ఇల్లు ఏలంలో పోయింది."

"తెలుసురా."

"పెద్దక్కకు యాడన్నా రూము సూడల్ల, దానికే చేసినా. ఇంకో మాట. నువ్వు తిట్టగూడదు. ఆ ఏలం నేను గూడా పాడినా సిన్నక్కా. పెద్దక్కకే ఇచ్చేద్దామని. మా యావిడ పేరుతో ఉండే సైటుకు బేరం కుదిర్సి, అడ్వాన్సు గూడా తీసుకొనింటి. యార్డులో ఫోనుకు నెట్టు సరిగ్గా రాదని స్టేషన్ ప్లాట్ఫారం మీద కూర్చోని పాడినా. ఎవుడో సిన్నక్కా, దుడ్డు మదమెక్కినోడు. నేను యాభై ఏస్తే వాడు యాభై ఏస్తాడు. ముప్పై మూడున్నర దాకా పొయ్యినా. అంతకు మించి నాకు యాడనుంచి వస్తాది? కడుపు మండిపొయ్యి వాని అమ్మను గూడా తిట్టినా, ప్లాట్ఫారం మీద అందరూ సూస్తాండగా."

వాడు తిట్టింది మా అమ్మనే. నేను శపించింది వాడి చేతిని, వాడి ఇంటి దీపాన్ని.

"రేయ్" అన్నాను. "ఆ మదమెక్కింది నేనేరా."

యాభై దాటిన మగవాడు, నేను ఎత్తుకుని తిప్పిన పిల్లవాడు, వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. మిగతావాళ్ళు ఇరవై మూడున్నర దగ్గరే ఆగిపోయారు. ఇద్దరిలో ఏ ఒక్కరం ఫోను చేసినా ఇరవై నాలుగుకు అక్క చేతికి తిరిగొచ్చేది. నా ఒక్కదాని డబ్బే చాలేది. దానిని మా ప్రేమతోనే మేం పదిలక్షలు పైకి నెట్టుకున్నాం.

"సైటు డబ్బు ఉండాది కదరా" అన్నాను ఆశగా. "ఇంకా నాలుగు రోజులు టైముంది."

"పోయిన వారమే అడ్వాన్సు తిరిగి ఇచ్చేసినా అక్కా. ఏలం పోయింది, సైటెందుకు అమ్మల్ల అని. కొనేటాయప్ప బైరెడ్డిపల్లె కాడ ఇంకో సైటు కొనేసినాడు."

ఆ నాలుగు రోజులూ ఇద్దరం కలిసి తిరిగాం. బతుకులో మొదటిసారి ఒకరి డబ్బు ఒకరికి చూపించుకున్నాం. వాడు భార్య గొలుసు, పిల్లల కమ్మలు పెట్టి రెండు లక్షలు తెచ్చాడు. వడ్డీకిచ్చే ఒకాయన ఆ సైటు కాగితం పెడితే మిగతాది ఇస్తానన్నాడు. మరదలు ఒప్పుకోలేదు. "మొన్న అమ్మేదానికి సంతకం పెట్టమంటే మాట మాట్లాడకుండా పెట్టినా వదినా. ఆడబిడ్డ ఇల్లు నిలస్తాదంటే సరే అనుకొంటి. ఇప్పుడు వడ్డీలోళ్ళ చేతిలో పెడితే ఇదీ ఏలానికే పోతాది. నా బిడ్డలకు ఇంకేమీ లేదు" అంది. తనన్నది నిజం. ఇంకా ఐదు లక్షలు తక్కువగా ఆగిపోయాం.

చివరి రోజు బ్యాంకు మూసేదాకా ఎదురుగా ఉన్న టీ అంగడి బెంచీ మీద కూర్చున్నాం. ఎవరూ వచ్చి ఐదు లక్షలు ఇచ్చేది లేదని ఇద్దరికీ తెలుసు. అయినా లేచి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. షట్టరు దించాక తమ్ముడు, "పెద్దక్కకు సెప్పొద్దు సిన్నక్కా. తన ఇంటి కోసం నీ దుడ్లు పోయినాయని తెలిస్తే ఆ దిగులుకే పోతాది" అన్నాడు. తల ఊపాను. మళ్ళీ చెప్పకపోవడమే. కానీ ఈసారి చెప్పి బాగు చేయడానికి ఏమీ మిగల్లేదు.

రెండోసారి వేలం వేశారు. నా దగ్గర మిగిలింది కనీస ధరకు కూడా చాలదు, తమ్ముడి సైటుకు మళ్ళీ బేరం రాలేదు. మొదటిసారి జరిగిన తమాషా చూసి భయపడ్డారో ఏమో, పాడినవాళ్ళే తక్కువ. పలమనేరు నుంచి ఒక వ్యాపారి ఇరవై ఒక లక్షకు పాడుకున్నాడు. ఆ రోజు నెట్ సెంటరు ముందు నుంచే వెళ్తూ కూడా నేను లోపలికి తొంగి చూడలేదు. బాయ్ బయటికొచ్చి నాతో పాటు వీధి చివరిదాకా నడిచాడు.

అక్కా బావా నా దగ్గరికే వచ్చేశారు. నా రెండు గదుల్లో ఒకటి వాళ్ళది. బావ పొద్దున్నే వరండాలో కూర్చుని మార్కెట్టుకు పోయే టమాటా లారీలను చూస్తుంటాడు, ధర అడగడు. అక్క మాత్రం రెండో రోజే ఓనరమ్మను మచ్చిక చేసుకుని క్యాలెండరు తగిలించడానికి మేకు కొట్టించుకుంది. నేను ఆరు నెలలు పోట్లాడి సాధించలేనిది. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

సాయంత్రం అన్నం తినే ముందు అక్క ప్రార్థన చేస్తుంది. పెద్దదానిగా అది తన హక్కు. వచ్చిన వారంలో ఒక రోజు, అందరి పేర్లూ అయ్యాక, తను ఆగలేదు.

"ప్రభువా, మా ఇల్లు కొనినోళ్ళను సల్లగా సూడు. వాళ్ళకంటే ముందు ఎవురో పాడి, కట్టలేక కట్టిన దుడ్లు గూడా పోగొట్టుకున్నారని బ్యాంకు సారు సెప్పినాడు. వాళ్ళ పేరు నాకు తెల్దు, నీకు తెలుసు. ఎంత కష్టపడి కూడబెట్టుకొనిన దుడ్లో, పాపం. మా ఇంటి మీద ఆశపడినదానికి ఇట్ల మునిగిపొయ్యినారు. నాకు నా సెల్లెలు ఉండాది, ఆదుకొనింది. వాళ్ళకు గూడా అట్లా ఒకరు ఉండేటట్టు సెయ్యి తండ్రీ."

బావ ఆమెన్ అన్నాడు. అక్క కళ్ళు మూసుకునే, తల వంచుకునే, నా ఆమెన్ కోసం ఆగింది. నేను అనేదాకా అన్నం ముట్టదు. ఆమెన్ అన్నాను.